పూచీకత్తు మీద వైద్యం: సైకోసిస్ ఉన్న నిందితుడికి ఓపీ చికిత్స చాలా?

సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి ఇప్పుడున్న స్థలంలో ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది. రైల్వే స్టేషన్ దగ్గరి పాత భవనాల నుంచి ఆస్పత్రి 2003లో ఇక్కడికి మారింది. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నిజాం కాలంలో జైల్లోనే మొదలై, ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నాకు వెళ్లి, 1953లో ఎర్రగడ్డకు చేరింది. జంటనగరాల్లో జైలుకీ మానసిక వైద్యానికీ ఇంత పాత ఇరుగుపొరుగుతనం ఉంది. సైకోసిస్ (వాస్తవానికీ భ్రమకీ తేడా తెలియకుండా పోయే మానసిక స్థితి) ఉన్న మనిషి మీద కేసు పడితే అతను ఉండాల్సింది జైలో, మెంటల్ హాస్పిటలో అని జనం అనుకోవడం మామూలే. ఇంట్లోనే ఉండి, గాంధీ లాంటి ఆస్పత్రికి ఓపీ చీటీ పట్టుకుని వచ్చి మందులు తీసుకెళ్లే దారి కూడా ఒకటుందని చాలామందికి తెలియదు. కొంతమంది వకీళ్లకైనా తెలుసో లేదో నాకు అనుమానమే.

ఆ దారిని మన చట్టమే వేసింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 330వ సెక్షన్‌ను 2008 నాటి సవరణ చట్టం మార్చింది. ఆ మార్పు 2009 డిసెంబర్ 31న అమల్లోకి వచ్చింది. 2024 జులై 1 నుంచి అదే నిబంధన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 369వ సెక్షన్‌గా కొనసాగుతోంది. మతిస్థిమితం లేనందువల్ల నిందితుడు తన తరఫున వాదించుకోలేని స్థితిలో ఉన్నాడని తేలితే కోర్టు అతన్ని బెయిలు మీద విడుదల చేయాలి. అందుకు రెండు షరతులున్నాయి. ఆస్పత్రిలో చేర్చి తీరాల్సినంత జబ్బు అయి ఉండకూడదు. దగ్గరలోని వైద్యశాలలో క్రమం తప్పకుండా ఓపీ మానసిక చికిత్స ఇప్పిస్తాననీ, తనకు గానీ ఇతరులకు గానీ హాని చేయకుండా చూసుకుంటాననీ బంధువో స్నేహితుడో హామీ ఇవ్వాలి.

ఈ షరతుల మీద విడుదలైన మనిషికి జబ్బు నయమవుతుందా? మళ్లీ కేసులో ఇరుక్కోకుండా ఉంటాడా? తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ ఇలా విడుదలైనవారిని ఏళ్ల తరబడి వెంబడించి, ఫలితాన్ని లెక్కగట్టి చెప్పిన అధ్యయనం నేను చూడలేదు. అందుచేత చుట్టుపక్కల ఉన్న ఆధారాల నుంచి మన ప్రశ్నకు ఎంతవరకు జవాబు దొరుకుతుందో తూచి చూడటమే ఇక్కడ నేను చేయగలిగింది.

ముందు జబ్బుకీ హింసకీ ఉన్న సంబంధం చూద్దాం. దీని గురించి జనంలో ఉన్న భయం ఎంత పెద్దదో, కొందరు మానవతావాదులు చెప్పే ‘అసలు సంబంధమే లేదు’ అన్న మాట అంత తేలికైనది. పరిశోధకుడు సీనా ఫాజెల్ బృందం 2009లో 20 అధ్యయనాలను, 18,423 మంది రోగుల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూసింది. మద్యం, మత్తు పదార్థాల అలవాటు కూడా ఉన్న సైకోసిస్ రోగుల్లో హింసాత్మక ప్రవర్తనకు ఆడ్స్ రేషియో (సాధారణ జనంతో పోల్చిన అవకాశాల నిష్పత్తి) 8.9గా తేలింది. ఆ అలవాటు లేని రోగుల్లో అది 2.1 మాత్రమే. సైకోసిస్ ఏమీ లేకుండా మత్తు అలవాటు ఒక్కటే ఉన్నవారిలో 7.4. అంటే సైకోసిస్ వల్ల ప్రమాదం కొంత పెరుగుతున్నది నిజమే. అందులో ఎక్కువ పాలు మత్తుదే అని కూడా ఈ లెక్కే చెబుతోంది. కల్లు దుకాణాన్నీ వైన్‌షాపునూ పట్టించుకోకుండా సైకోసిస్ రోగుల హింస గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది.

వైద్యం అందితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆధారాలు ఇంకాస్త బలంగా ఉన్నాయి. స్వీడన్‌లో 2006 నుంచి 2009 దాకా మందులు రాసిచ్చిన 82,647 మంది రికార్డులను పరిశీలించి 2014లో లాన్సెట్‌లో ప్రచురించారు. యాంటీసైకోటిక్ మందులు వాడుతున్న కాలంలో హింసాత్మక నేరాలు, అదే మనుషులు మందులు వాడని కాలంతో పోలిస్తే, 45 శాతం తక్కువగా ఉన్నాయి. ఒకే మనిషిని అతనితోనే పోల్చడం ఈ పద్ధతిలోని బలం. అయినా ఇది లాటరీ తీసి కొందరికి మందిచ్చి కొందరికి ఇవ్వకుండా చేసిన ప్రయోగం కాదు. మందులు క్రమంగా వేసుకునే రోజుల్లో మనిషి తాగుడు తగ్గించి ఉండవచ్చు, ఇంట్లో పట్టించుకునేవాళ్లు ఉండి ఉండవచ్చు. ఆ 45 శాతమంతా మాత్ర చలవే అని రాసేస్తే అది ఆధారం చెప్పని మాట అవుతుంది. జబ్బు తిరగబెట్టడం విషయంలో మాత్రం లాటరీ పద్ధతి ప్రయోగాలే ఉన్నాయి. స్టెఫాన్ లోయిష్ట్ బృందం 2012లో 65 ప్రయోగాలను కలిపి చూస్తే, ఏడాది లోపు జబ్బు తిరగబెట్టినవారు మందు కొనసాగించినవారిలో 27 శాతం, ఉత్తుత్తి మాత్రకు మారినవారిలో 64 శాతం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన లెక్క ఒకటుంది. ఒలావ్ నీల్సన్, మాథ్యూ లార్జ్ 2010లో పలు దేశాల అధ్యయనాలను కలిపి, సైకోసిస్ ఉన్నవారు చేసిన హత్యలు జబ్బు ఏ దశలో జరిగాయో చూశారు. పదిలో దాదాపు నాలుగు, మొదటి వైద్యం అందకముందే జరిగాయి. మొదటిసారి జబ్బుపడి ఇంకా చికిత్స అందని దశలో 629 మందిలో ఒకరు హత్య చేసినట్టు తేలితే, చికిత్స మొదలయ్యాక ఏడాదికి 9,090 మందిలో ఒకరు. ఈ రెండు అంకెల కొలమానాలు కొంచెం వేరు కాబట్టి ఒకదాన్ని మరోదానితో భాగించి ఇన్నిరెట్లు అని తేల్చకూడదు. కానీ అవి చూపే దిశలో అనుమానం లేదు. నేరం జరిగాక కోర్టు రాసే ఓపీ షరతు కంటే, నేరం జరగకముందు ఎవరూ రాయని ఓపీ చీటీకే విలువ ఎక్కువ.

ఇక కోర్టో చట్టమో బలవంతపెట్టి ఓపీ వైద్యం చేయిస్తే ఫలితం పెరుగుతుందా? ఇక్కడ ఆధారం మన ఆశకు ఎదురు నిలుస్తుంది. ఇంగ్లండ్‌లో టామ్ బర్న్స్ నడిపిన ఆక్టెట్ ప్రయోగంలో ఆస్పత్రి నుంచి బయటికి వస్తున్న సైకోసిస్ రోగులను రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపు మీద, బయట ఉన్నా వైద్యం మానకూడదని చట్టబద్ధమైన ఆజ్ఞ దీర్ఘకాలం పెట్టారు. రెండో గుంపుకు పాత పద్ధతిలో కొద్దికాలం సెలవు ఇచ్చి పంపారు. ఏడాదిలో మళ్లీ ఆస్పత్రిలో చేరినవారు రెండు గుంపుల్లోనూ 36 శాతమే. 2013లో ఈ ఫలితం వచ్చినప్పుడు, అంతకుముందు ఆ ఆజ్ఞలను సమర్థించిన బర్న్స్ స్వయంగా తన అభిప్రాయం మార్చుకున్నాడు. అయితే ఈ ప్రయోగాన్ని మన 369వ సెక్షన్‌కు నేరుగా అతికించలేం. అక్కడివారంతా నిందితులు కారు. రెండు గుంపులకూ నర్సులూ సామాజిక కార్యకర్తలూ ఇంటికి వచ్చి చూసే వ్యవస్థ ఉంది. మన దగ్గర ఆ పని తల్లి మీదో అన్న మీదో పడుతుంది. వాళ్లు కూలి మానుకుని బస్సెక్కి రావాలి.

అందుకే మన దేశంలోనే జరిగిన కాప్సీ ప్రయోగం నాకు ఎక్కువ ఉపయోగకరంగా కనిపించింది. సుదీప్తో ఛటర్జీ బృందం తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మంది స్కిజోఫ్రీనియా (సైకోసిస్‌లో ఒక ప్రధాన రకం) రోగులను తీసుకుంది. కొందరికి మామూలు ఓపీ వైద్యం. మిగతావారికి దానితోపాటు, శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇంటికి వెళ్లి మందుల గురించి, పని గురించి, కుటుంబంతో మాట్లాడే ఏర్పాటు. ఏడాది తర్వాత రెండో గుంపులో లక్షణాలూ అశక్తతా కొంత ఎక్కువగా తగ్గాయి. తేడా పెద్దదేం కాదు. అది ప్రధానంగా వైద్యసేవలు బొత్తిగా లేని తమిళనాడు గ్రామీణ ప్రాంతంలో కనిపించింది. నేరం మీద దాని ప్రభావమేమిటో ఆ ప్రయోగం కొలవలేదు. అయినా డాక్టర్లు కాని స్థానికులతో ఇంటింటి అనుసరణ మన దేశంలో సాధ్యమేనని అది చూపింది. 369వ సెక్షన్ కింద విడుదలైనవారికి ఏ సహాయం కలిపితే బావుంటుందో ఊహించడానికి ఇంతకంటే దగ్గరి ఆధారం నాకు దొరకలేదు.

ఇదంతా రోగనిర్ధారణ సరిగ్గా జరిగినప్పటి మాట. అసలు చిక్కు అక్కడే ఉంది.

సైకోసిస్‌కు రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. లేని గొంతులు వినపడటం, ఎంత సాక్ష్యం చూపినా చెదరని తప్పుడు నమ్మకం, మాట పొంతన తప్పడం వంటివి అడిగి, గమనించి, ఇంట్లోవాళ్లను విచారించి తేల్చాల్సిందే. ఈ తేల్చడం ఎంతగా చూసేవారి మీద ఆధారపడుతుందో 1972లో వెలువడిన అమెరికా, బ్రిటన్ ఉమ్మడి అధ్యయనం బయటపెట్టింది. న్యూయార్క్ ఆస్పత్రుల్లో లండన్ కంటే స్కిజోఫ్రీనియా చాలా ఎక్కువగా నమోదయ్యేది. ఒకే ప్రమాణంతో మళ్లీ పరీక్షించేసరికి ఆ తేడా చాలావరకు మాయమైంది. తేడా ఉన్నది డాక్టర్లలో. ఆ తర్వాత ప్రమాణాలు బిగించారు. అవి కూడా ఇప్పటికీ ఒకదానితో ఒకటి ఏకీభవించవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం స్కిజోఫ్రీనియా అనడానికి లక్షణాలు నెల రోజులుంటే చాలు, అమెరికా వర్గీకరణకు ఆరు నెలలు కావాలి. హఠాత్తుగా వచ్చి వారాల్లో తగ్గిపోయే సైకోసిస్ మన దేశంలో అరుదు కాదు. అలాంటి మనిషిని రిమాండుకు పంపి రెండు నెలల తర్వాత పరీక్షిస్తే డాక్టరుకు ఆరోగ్యవంతుడు కనిపిస్తాడు. రిపోర్టులో ‘ప్రస్తుతం మానసిక వ్యాధి లక్షణాలు లేవు’ అని రాస్తాడు. ఆ వాక్యం నిజమే. ఘటన జరిగిన రోజు గురించి అది ఏమీ చెప్పదు.

తెలంగాణలో ఇంకో చిక్కు ఉంది, కల్లు. కొన్ని దుకాణాల్లో అమ్మేది చెట్టు కల్లు కాదు. అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన నీళ్లు. రోజూ తాగేవారికి అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణకడం, ఫిట్స్, నిద్రలేమి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు మాట్లాడటం, వెంటపడుతున్నారని పరుగెత్తడం మొదలవుతాయి. ఎక్సైజ్ దాడుల తర్వాత, 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు, ఎర్రగడ్డకు ఇలాంటివారు పెద్ద సంఖ్యలో వచ్చారు. వీరిలో చాలామంది స్థితి స్కిజోఫ్రీనియాకు సంబంధం లేనిది. సరైన మందు ఇస్తే రోజుల్లో సర్దుకుంటుంది, ఇవ్వకపోతే ప్రాణం పోవచ్చు. అరెస్టయిన మనిషికి లాకప్‌లో కల్లు దొరకదు కాబట్టి, సరిగ్గా రెండోరోజో మూడోరోజో ఈ లక్షణాలు బయటపడవచ్చు. అప్పుడు అతను ‘నాటకమాడుతున్నాడు’ అనిపించుకోవచ్చు, ‘పిచ్చివాడు’ అనిపించుకోవచ్చు. రెండు ముద్రలూ తప్పే. తాగుడు చరిత్ర అడగకుండా రాసిన సైకోసిస్ నిర్ధారణను, ముఖ్యంగా నిందితుడి విషయంలో, నేను నమ్మను.

మనసు జబ్బుగా కనిపించేదాని వెనక ఒంటి జబ్బు ఉండటం కొత్తేమీ కాదు. మానసిక వైద్యశాలలను నింపిన ‘జనరల్ పరాలిసిస్’ నిజానికి మెదడుకెక్కిన సిఫిలిస్ అని గత శతాబ్దం మొదట్లో తేలింది. ఆ జబ్బుకు వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ 1917లో రోగులకు కావాలని మలేరియా జ్వరం తెప్పించి చికిత్స చేసి, 1927లో నోబెల్ అందుకున్నాడు.  పెన్సిలిన్ వచ్చాక మలేరియా చికిత్స మూలబడింది. మొదటిసారి సైకోసిస్‌తో వచ్చిన మనిషికి జ్వరం, ఫిట్స్, థైరాయిడ్, తలకు దెబ్బ, సిఫిలిస్ ఉన్నాయేమో చూడాలన్న నియమం మాత్రం ఇప్పటికీ ఉంది. అన్ని విభాగాలూ ఒకే ప్రాంగణంలో ఉన్న గాంధీ లాంటి జనరల్ ఆస్పత్రి ఈ పనికి జైలు డిస్పెన్సరీ కంటే ఎంతో అనువైన చోటు.

నిర్ధారణలో ఇంకో చిక్కు చేతబడి, బాణామతి. ‘పక్కింటాయన నాకు చేతబడి చేశాడు’ అన్న మాట ఒక్కటే వింటే అది జబ్బు లక్షణమో కాదో చెప్పలేం. ఊరంతా నమ్మేదాన్ని మనిషి నమ్మితే అది వైద్యపరంగా భ్రమ కాదని అన్ని వర్గీకరణలూ చెబుతాయి. చేతబడి అనుమానంతో జరిగిన హత్యల్లో గుంపుగా కూడి, మాట్లాడుకుని చేసినవి చాలా ఉన్నాయి. అక్కడున్నది సైకోసిస్ కాదు, క్రూరత్వం. అదే మాటను ఒక యువకుడు ఇంట్లో ఎవరూ నమ్మకపోయినా పట్టుకుని ఉంటే, టీవీలో కూడా పక్కింటాయన తన గురించే మాట్లాడుతున్నాడంటే, ఆరు నెలలుగా స్నానం మానేసి గదిలోంచి రాకపోతే, లెక్క మారుతుంది. ఆ తేడా తెలియాలంటే తల్లిని అడగాలి, పక్కింటివారిని అడగాలి, ఆ యాసలో అడగాలి. మనోవైద్యులు లక్ష జనాభాకు ఒకరు కూడా లేని దేశంలో, రద్దీ ఓపీలో అంత సమయం దొరకడమే కష్టం.

కోర్టు అడిగే ప్రశ్నలు వైద్యుడు అలవాటుపడ్డ ప్రశ్నలు కావు. ఇప్పుడు ఇతనికి జబ్బు ఉందా అన్నది ఒకటి. విచారణను అర్థం చేసుకుని వాదించుకోగలడా అన్నది రెండోది. 369వ సెక్షన్ దీనితోనే ముడిపడి ఉంది. నేరం జరిగిన క్షణంలో తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలుసుకోగల స్థితిలో ఉన్నాడా అన్నది మూడోది. ఐపీసీ 84వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, దీని గురించే. దాహ్యాభాయ్ ఠక్కర్ కేసులో 1964లోనే సుప్రీంకోర్టు నేరం జరిగిన సమయమే కీలకమని చెప్పింది. 2011లో సురేంద్ర మిశ్రా కేసులో, వైద్యపరమైన మతిభ్రమణ సరిపోదు, చట్టపరమైనది రుజువు చేయాలంది. స్కిజోఫ్రీనియా ఉన్నంత మాత్రాన నిర్దోషి కాడు. స్కిజోఫ్రీనియా ఉన్నంత మాత్రాన ప్రమాదకారీ కాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, జబ్బు నిర్ధారణ అయినంత మాత్రాన మనిషిని మతిస్థిమితం లేనివాడిగా తీసుకోకూడదని స్పష్టంగా రాసింది.

ఇందుకే అరెస్టు రోజు పరీక్ష అంత ముఖ్యం. బాపు అలియాస్ గజరాజ్ సింగ్ కేసులో 2007లో సుప్రీంకోర్టు, నిందితుడికి గతంలో మతిభ్రమణ ఉందని దర్యాప్తులో తెలిస్తే వైద్యపరీక్ష చేయించి కోర్టు ముందు పెట్టడం నిజాయితీపరుడైన దర్యాప్తు అధికారి బాధ్యత అని చెప్పింది. అలా చేయకపోతే ప్రాసిక్యూషన్ కేసులో పెద్ద లోపమవుతుందంది. పేదవారి ఇళ్లలో పాత ఓపీ చీటీలు దాచిపెట్టుకోరు. దర్గాలో, భూతవైద్యుడి దగ్గర చేయించిన వైద్యానికి రశీదు ఉండదు. అరెస్టు వేళ రాసిన రెండు పేరాల పరీక్ష నివేదికే మూడేళ్ల తర్వాత విచారణలో మిగిలే ఏకైక సాక్ష్యం కావచ్చు.

ఆ పరీక్ష జరగడం లేదనడానికి సూచనలున్నాయి. ఫాజెల్, సీవాల్డ్ 2012లో 24 దేశాల 33,588 మంది ఖైదీల సమాచారం కలిపి చూస్తే పురుషుల్లో 3.6 శాతం, స్త్రీలలో 3.9 శాతం మందికి సైకోసిస్ ఉంది. బెంగళూరు కేంద్ర కారాగారంలో నిమ్‌హాన్స్‌కు చెందిన సురేశ్ బడా మఠ్ బృందం 5,024 మందిని పరీక్షించగా, మత్తు అలవాట్లను పక్కనపెట్టినా 27.6 శాతం మందికి ఏదో ఒక మానసిక వ్యాధి కనిపించింది. జాతీయ నేర గణాంక సంస్థ 2021 నివేదికలో మాత్రం దేశంలోని 5,54,034 మంది ఖైదీల్లో మానసిక వ్యాధి ఉన్నట్టు నమోదైనవారు అన్ని జబ్బులూ కలిపి రెండు శాతం లోపే. ఒకటి వెతికి పట్టుకున్న లెక్క, ఇంకొకటి జైలు రిజిస్టరు లెక్క. రెండింటినీ తీసివేత చేసి ‘ఇంతమంది దాగి ఉన్నారు’ అని ప్రకటించడం పరిశోధన కాదు. కానీ ఇంత ఎడం కేవలం పద్ధతుల తేడా వల్లే వచ్చిందనుకోవడం నాకు కష్టం. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కూడా మనకు తోడురాదు. 2015-16లో జరిగిన ఆ సర్వే 12 రాష్ట్రాలు తిరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు.

గుర్తించకపోతే ఏం జరుగుతుందో మనకు తెలుసు. మతి కుదుటపడ్డాక కూడా హజారీబాగ్ జైల్లో దశాబ్దాలు మగ్గినవారి గురించి సుప్రీంకోర్టు 1982లో వీణా సేథీ కేసులో విన్నది. అస్సాంలో మచల్ లాలుంగ్‌ను 1951లో నిర్బంధించారు. విచారణే లేకుండా 54 ఏళ్లు గడిచాక 2005లో వదిలారు. ఓపీ దారి ప్రమాదకరమేమో అని సంకోచించే న్యాయమూర్తి, ఆ దారి మూసేస్తే జరిగే ఈ ప్రమాదాన్ని కూడా తూకంలో వేయాలి.

సికింద్రాబాద్‌లో మొదలుపెట్టదగ్గ అధ్యయనం పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. నగర కోర్టులు 369 కింద ఇచ్చిన విడుదల ఉత్తర్వులు, గాంధీ, ఎర్రగడ్డ ఓపీ రికార్డులు, రెండేళ్ల తర్వాతి పోలీసు రికార్డు, ఈ మూడింటినీ పేర్లు తీసేసి, నైతిక సంఘం అనుమతితో కలిపి చూడాలి. ఉత్తర్వు వచ్చాక మొదటి ఓపీ రోజు దాకా ఎన్నాళ్లు పట్టింది? ఎన్ని తేదీలు తప్పాయి, తప్పినప్పుడు ఎవరైనా ఫోన్ చేశారా? నెలకోసారి ఇంజెక్షన్ తీసుకున్నవారికీ రోజూ మాత్ర వేసుకున్నవారికీ తేడా ఉందా? తాగుడు మానిపించే వైద్యం కూడా అందిందా? హామీ ఇచ్చిన బంధువు ఆరోగ్యం, సంపాదన ఏమయ్యాయి? ఈ చివరి ప్రశ్నను విదేశీ అధ్యయనాలు దాదాపు అడగవు. మన దగ్గర వైద్యం నడిచేదీ ఆగేదీ ఆ బంధువు ఓపిక మీదే. మళ్లీ నేరం చేయడం అదృష్టవశాత్తు అరుదు కాబట్టి కొద్దిమందిని చూసి నిర్ణయానికి రాకూడదు. జబ్బు తిరగబెట్టడాన్నీ, వైద్యం మధ్యలో ఆగిపోవడాన్నీ ప్రధాన ఫలితాలుగా పెట్టుకోవడం మంచిది.

హామీ ఇవ్వడానికి బంధువూ స్నేహితుడూ లేనివారి సంగతి విడిగా లెక్కించాలి. సికింద్రాబాద్ స్టేషన్ దేశం నలుమూలల నుంచీ రైళ్లొచ్చే చోటు. ఊరూ పేరూ చెప్పలేని స్థితిలో ఇక్కడ దిగిన మనిషిని లాకప్‌లో పెట్టకుండా 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలని 2017 చట్టం 100వ సెక్షన్ పోలీసులకు చెబుతోంది. అదే మనిషి మీద చిన్న దొంగతనం కేసు నమోదై ఉంటే ఓపీ దారి అతనికి మూసుకుపోతుంది. బంధువు సంతకం చేయాల్సిన గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివారిని సంరక్షణ, శిక్షణ దొరికే నివాస కేంద్రానికి పంపవచ్చని 369వ సెక్షనే చెబుతోంది. ఆస్పత్రి నుంచి బయటికి రాదగ్గవారికి హాఫ్‌వే హోమ్‌లు కట్టమని గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను పదేపదే అడిగింది. అధ్యయనంలో వీరికి ఒక ప్రత్యేక గుంపు కేటాయించి, బంధువులున్నవారితో పోల్చి చూస్తే, విడుదలను నిర్ణయిస్తున్నది జబ్బు తీవ్రతా లేక ఇంటి ఆసరానా అన్నది అంకెల్లో బయటపడుతుంది.